దండ వేసిన ఫోటో

మనిషి ఫోటో పట్టుకుని ఎవరు అంగడి మెట్టెక్కినా పెంచలకృష్ణ ముందు అడిగేది ఒకటే. "ఉన్నోళ్లా, పోయినోళ్లా?" సైజు సంగతి, ఫ్రేము చుట్టూ వచ్చే బీడింగు చెక్క రంగు సంగతి ఆ తర్వాత. కోట ఊరి బజార్లో ఆ ప్రశ్నకు నొచ్చుకున్నవాళ్లు లేరు. ఉన్నవాళ్లదైతే ఫ్రేము వెనక ఒక కొక్కీ బిగిస్తే పనైపోతుంది. పోయినవాళ్లదైతే పైన రెండు మూలలా దండ కోసం ఇత్తడి కొక్కీలు పెట్టాలి, కింద చిన్న ఎర్రబల్బు నిలబడేందుకు పట్టీ కొట్టాలి. గంధపుచెక్క పొరలతో అల్లిన దండలు అంగట్లోనే మేకుకు వేలాడుతుంటాయి, కావలసినవాళ్లకు అక్కడికక్కడే వేసి ఇస్తాడు.

నిజానికి ఆ ప్రశ్న కూడా ఇప్పుడు దండగే. ఉన్నవాళ్లెవరూ ఫ్రేము కట్టించుకోవడం లేదు. ఉన్నన్నాళ్లూ సెల్‌ఫోన్‌లో ఉంటారు, పోయాక అద్దం కిందికి వస్తారు. దేవుళ్ల పుణ్యాన, చచ్చినవాళ్ల పుణ్యాన అంగడి తలుపు తెరుచుకుంటోంది. అలవాటు కొద్దీ అతను అడుగుతూనే ఉన్నాడు. ఆ సోమవారం పొద్దున నరేంద్రబాబు కారు దిగి, డ్రైవరు చేత పొడుగాటి అట్టగొట్టాలు దింపిస్తుంటే కూడా అదే అడిగాడు.

నరేంద్రబాబు నవ్వాడు. "అందరూ ఉన్నోళ్లే అన్నా. ఆర్టులోకి వచ్చినాక ఇంక పోయేది ఉండదు."

తాతల నాటి వడ్ల గోదాముకు సున్నం కొట్టించి, దూలాలకు దీపాలు బిగించి, గ్యాలరీ అని బోర్డు పెట్టినవాడు నరేంద్రబాబు. ఈ తీరంలో ఇలాంటిది ఇంకోటి లేదని ఆయన అంటాడు. ఉందని చెప్పగలిగినవాళ్లు కూడా లేరు. కిందటేడు మొదటిసారి మోడర్న్ ఆర్టు బొమ్మలు పెట్టినప్పుడు జనం చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చారు. ఎర్రరంగు పులిమిన ఒక బొమ్మ ముందు ముసలామె ఒకామె కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ఏ అమ్మవారు నాయనా అని అడిగింది. రైతులు బొమ్మల వైపు ఒకసారి చూసి, ఈ గోదాములో ఒకప్పుడు తమ వడ్లు ఏ మూలకు పోసేవాళ్లో ఒకరికొకరు చూపించుకుని వెళ్లిపోయారు. నరేంద్రబాబు ఎవర్నీ కసురుకోలేదు. ఒక్కొక్కరి పక్కనే నిలబడి ఓపిగ్గా చెప్పాడు. ఈ జనానికి చూడటం నేర్పించాలన్నది ఆయన పట్టుదల. ఇప్పుడు రెండోసారి ఫోటోల ప్రదర్శన.

చివరి గొట్టంలోంచి వచ్చిన ఫోటో అన్నిటికన్నా పెద్దది. బల్ల చాలక అటుకొస నరేంద్రబాబే పట్టుకున్నాడు. నలుపు తెలుపు ఫోటో. కల్వర్టు గోడ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మూతికి కట్టుకునే గుడ్డ మెడ కిందికి లాగి ఉంది, తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ ఒళ్లో ఉంది. మొహం గాలికేసి ఎత్తి, కళ్లు సగం మూసి, రెండు చేతులూ ఆరబెట్టినట్టు మోకాళ్ల మీద వెల్లకిలా పరిచింది. తీసినవాళ్ల ధ్యాసంతా ఆ చేతుల మీదే. వేళ్ల కొసలు ఎక్కువసేపు ఉడికిన మెతుకుల్లా ఉబ్బి, పగిలి ఉన్నాయి. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఉంది. రంగులు లేకపోయినా అక్కడ పచ్చిగా ఉందని తెలుస్తోంది.

పెంచలకృష్ణ టేపు పెట్టి పొడుగు కొలిచాడు. వెడల్పు కొలిచాడు. మళ్లీ పొడుగు కొలిచాడు. ఆ మనిషి చెంచులక్ష్మి. అతని పెళ్లాం.

"ఎవురు బాబూ ఈమె?" అని మాత్రం అడిగాడు.

తెలియదన్నాడు నరేంద్రబాబు. వినీల అనే హైదరాబాదు అమ్మాయి వచ్చి, విడవలూరు నుంచి దొరవారిసత్రం దాకా తిరిగి ఈ ఫోటోలన్నీ తీసిందట. రొయ్యల కంపెనీలో పనిచేసే ఎవరో ఒకామె, పేరు అడగలేదట. "పేరు లేకపోవడమే దీని బలం అన్నా. ఈమె ఎవురైనా కావొచ్చు గదా." తలుపుకు ఎదురుగోడకు దీన్ని తగిలిస్తారు, అడుగు పెట్టగానే కనపడాలి. ప్రారంభం ఆదివారం సాయంత్రం. రొయ్యల కంపెనీ చైర్మన్ గారే వచ్చి దీపం వెలిగిస్తారు. కళలంటే ప్రాణం ఆయనకు, టీకాఫీల ఏర్పాటు కూడా ఆయనదే. మేనేజరును వెంటబెట్టుకుని వస్తామన్నారట. నల్ల బీడింగు, సన్నంగా ఉండాలి అని చెప్పి నరేంద్రబాబు కారెక్కాడు.

పెంచలకృష్ణ ఫోటో మీద పాత పేపరు కప్పి, దాని మీద చెక్కలు బరువు పెట్టి కూర్చున్నాడు. వెంకటశేషమ్మ సంగతి అతనికి తెలుసు. కంపెనీలో చెంచులక్ష్మి పక్కన నిలబడి రొయ్యల తలలు తీసిన మనిషి. కిందటి వానల్లో ఎవరో సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తూ అడిగితే తన చేతులు చాపి చూపించింది. మర్నాడు కంపెనీ బస్సు ఆమె ఊరి మలుపులో ఆగలేదు. తిట్టినవాళ్లు లేరు, తీసేశామని చెప్పినవాళ్లు లేరు. బస్సు ఆగలేదు, అంతే. ఆమె కొన్నాళ్లు అదే వేళకు వెళ్లి మలుపులో నిలబడి, తర్వాత నిలబడటం మానేసింది. సరుకు కొనే పరదేశం వాళ్లు తనిఖీకి వస్తున్నారంటే, చేతులు పుండ్లు పడిన ఆడవాళ్లను ముందురోజే ఇంటి దగ్గర ఉండిపొమ్మంటారు. ఆ చేతులు లోకం కంట పడకూడదన్నది అక్కడ రూలు. గోడ మీద రాసిన రూళ్లలో అది లేదు.

*

సాయంత్రం చెంచులక్ష్మి బస్సు దిగి వచ్చేసరికి మొగుడు ఇంట్లో ఉన్నాడు. అంగడి అంత పెందలాడే మూయడం ఏనాడూ లేదు. ఒంట్లో బాగలేదా అని అడిగి, జవాబు కోసం చూడకుండా తన పనిలో పడింది. పటిక నీళ్ల గిన్నెలో చేతులు ముంచి, పళ్లు బిగబట్టి ఓర్చుకుని, మెత్తటి గుడ్డతో అద్దుకుని, కొబ్బరినూనె పూసుకుని గుమ్మంలో కూర్చుంది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో, మందు కలిపిన నీళ్లలో నానే చేతులకు ఆమె కనిపెట్టుకున్న వైద్యం అదే. కంపెనీ గ్లౌజులు ఇస్తుంది. తొడుక్కుంటే రొయ్య జారుతుంది, జారితే పని వెనకబడుతుంది, వెనకబడితే మేస్త్రీ నోరు ఊరుకోదు. అందుకని అందరూ వాటిని తీసి నడుముకు దోపుకుంటారు.

అతను విషయం చెప్పాడు. ఫోటో ఎంత పెద్దదో చేతులు చాచి చూపించాడు.

"నేనేనా? సరిగ్గా చూసినావా?" అంది.

"నిన్ను నేను గుర్తుపట్టలేనా?"

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. బస్సు చెడిపోయి అందర్నీ కల్వర్టు దగ్గర దింపేసిన రోజు. జుట్టు కత్తిరించుకున్న ఒక పిల్ల మెడలో కెమెరా వేసుకుని వచ్చి, కొంగల్ని తీస్తున్నానక్కా అని చెప్పి, తాగేందుకు తన సీసాలో నీళ్లిచ్చింది. మంచి పిల్ల. ఆ నీళ్లు తాగి, ఇంత గాలి తగులుతుందని గుడ్డ కిందికి లాక్కుని కాసేపు కళ్లు మూసుకుంది చెంచులక్ష్మి. అంతకన్నా ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

గుమ్మంలోంచి లేచి లోపలికి వచ్చి, నూనె చేతులు చీరకు అంటకుండా మోచేత్తో తలుపు దగ్గరికి నెట్టింది.

"తీయించెయ్యి. ఆ బాబు కాళ్లు పట్టుకుంటావో, ఏం చేస్తావో. పాప చదువు ఇంకా నడిమధ్యలోనే ఉండాది."

పాప అంటే ఉష, నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అంగడి మీద వచ్చేది అంగడి బాడుగకూ అద్దాలకూ సరి. ఇంట్లో పొయ్యి వెలిగేది, హాస్టల్లో పిల్ల తినేది ఆ పగిలిన చేతుల మీదనేనని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట ఏనాడూ పైకి అనుకోరు.

*

మర్నాడు గోడల కొలతలు కావాలనే నెపంతో అతను గ్యాలరీకి వెళ్లాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. నరేంద్రబాబు అతని కాళ్ల వైపు చూసి, చెప్పులతో రావొచ్చన్నా, ఇది గుడి కాదు అన్నాడు. పెంచలకృష్ణ తలూపి, ఉత్తకాళ్లతోనే లోపలికి నడిచాడు. సున్నపు గోడల మధ్య వడ్ల వాసన ఇంకా మిగిలే ఉంది. కిందటేటి బొమ్మ ఒకటి మూలన అలాగే ఉండిపోయింది. నరేంద్రబాబు అతని భుజం మీద చెయ్యి వేసి దాని ముందు నిలబెట్టి, ఏం కనపడుతోందో సంకోచం లేకుండా చెప్పమన్నాడు.

"పెచ్చులూడిన గోడ బాబూ."

"అదీ!" అని నరేంద్రబాబు నిజంగానే సంతోషపడ్డాడు. నువ్వు చూశావు, ఊళ్లో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇలా చూడలేదు అన్నాడు. ఆ సంతోషం చల్లారకముందే పెంచలకృష్ణ సంగతి కదిపాడు. పెద్ద ఫోటో బరువెక్కువ, పాత గోడ ఓర్చదేమో, దాన్ని వదిలేసి మిగతావి పెడితే నిండుగానే ఉంటుంది అన్నాడు. అది తీసేస్తే ఇక ప్రదర్శనే లేదన్నాడు నరేంద్రబాబు. గోడకు ఇనప పట్టీ వేయిద్దామన్నాడు.

"ఆమె తాలూకు మనుషులు ఎవురైనా వచ్చి గొడవ చేస్తే?"

"చేస్తే మంచిదే కదన్నా. పదిమందీ మాట్లాడుకుంటారు. ఆర్టు ఉండేది అందుకేగా."

ఆమె నా పెళ్లాం అన్న మాట పెంచలకృష్ణ గొంతు దాకా వచ్చింది. ఆ మాట వింటే ఈ మనిషి ఏం చేస్తాడో కూడా కళ్లకు కట్టింది. రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తాడు. కారు పంపించి చెంచులక్ష్మిని పిలిపిస్తాడు. ఆదివారం నాడు ఫోటో పక్కనే నిలబెట్టి, ఆమె చేతికి మైకు ఇస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒక రకంగా బతిమాలుకోవచ్చు, భయపెట్టవచ్చు. మంచి చేస్తున్నానని నమ్మినవాడిని ఆపడం పెంచలకృష్ణకు చేతకాలేదు. గోడ పొడుగు రాసుకుని వచ్చేశాడు.

*

బీడింగును మూలలు కలిసేట్టు వాలుగా కోయడం, కోసిన అంచుకు జిగురు పూసి నాలుగు మూలలూ బిగించడం, అద్దం మీద వజ్రపు కొసతో గీత గీసి ఒక్క నొక్కుతో విరవడం, వెనక అట్ట పెట్టి సన్నమేకులు కొట్టడం. బుధ గురువారాలు అతను మిగతా ఫోటోలన్నీ పూర్తి చేశాడు. వల ఆరేసిన కర్రలు, ఎండిన చెరువులో పడవ, ఉప్పు కుప్ప మీద కాకి. ఒక్కటీ మనుషులు ఇంట్లో పెట్టుకునేది కాదు. పెద్దదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

శుక్రవారం చెంచులక్ష్మి కంపెనీ నుంచి సూటిగా అంగడికి వచ్చింది. పేపరు తీయమంది. అతను తీశాడు. ఆమె తన మొహాన్ని పెద్దగా పట్టించుకోలేదు, చేతుల దగ్గర వంగి చూసింది.

"ఇంత అసయ్యంగా ఉన్నాయా?" అంది. లేచి నిలబడి, "చించెయ్, అద్దం జారి పడి తెగిందని చెప్పు" అంది.

ఇంకోటి తెప్పిస్తారు, ఎన్ని ప్రింట్లు కావాలంటే అన్ని తీయొచ్చు, అన్నాడు. మేనేజరు నిన్ను గుర్తుపడతాడా అని అడిగాడు. ఆమెకు తెలియదు. గేటు దగ్గర మేనేజరు రోజూ అందరి చేతులూ చూసి, గోళ్లు చూసి లోపలికి పంపుతాడు. పేరు పెట్టి పిలవడు, టోకెన్ నంబరు చదువుతాడు. మొహాలకు గుడ్డలుంటాయి. అయినా అన్నేళ్లుగా రోజూ ముందర నిలబడుతోంది. గుర్తుపట్టడని ఎలా అనుకోవడం?

ఆమె బల్ల మీదికి వాలి, ఎదురుగోడకు వరసగా ఉన్న ఫోటోల వైపు చూస్తోంది. తీసుకెళ్లేందుకు సిద్ధమైన పోయినవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో దండ.

"దీనికీ ఒకటి వెయ్యయ్యా" అంది.

అతను నోర్ముయ్యమన్నాడు.

"విను ముందు. దండేసి బొట్టు పెట్టినావంటే చూసినోడు ఏమనుకుంటాడు? ఎవురో పోయినామె అనుకుంటాడు. నా పోలికలో ఉండాదనుకుంటాడు. పోయినామెను పనిలోంచి ఎవురు తీస్తారు?" ఆమె గొంతు పెంచలేదు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెబుతోంది. "నేను కూడా ఆడికి వస్తా. పోయినోళ్ల ఫోటో పక్కన పోయినోళ్లు నిలబడి ఉండరు గదా. అది నేను కాదని ఇంకా గట్టిగా తెలుస్తాది."

బతికున్న మనిషికి దండ వేస్తే ఏమవుతుందో తెలుసా అన్నాడు. తెలుసంది. తన చేతుల మీదుగా అన్ని వందలమందికి వేశాను, పెళ్లానికి వెయ్యలేనన్నాడు. వెయ్యకపోతే ఏమవుతుందో అది కూడా చెప్పమంది.

నల్ల బీడింగు కోశాడు. మూలలు బిగించాడు. పైన రెండు వైపులా ఇత్తడి కొక్కీలకు మరలు తిప్పుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. అద్దం పెట్టి తుడిచాక కుంకుమ భరిణె తీశాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు. ఆమె లేచి, భరిణె అతని చేతిలోంచి తీసుకుని, పగిలిన వేలి కొసతో అద్దం మీద తన నుదుటి చోట బొట్టు అద్దింది. కుంకుమ పుండుకు తగిలి మండినట్టుంది, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

*

ఆదివారం నరేంద్రబాబు పొద్దున్నే నెల్లూరు వెళ్లాడు, వినీలను, చైర్మన్ గారిని వెంటబెట్టుకుని రావడానికి. అది పెంచలకృష్ణకు కలిసొచ్చింది. ఫోటోలన్నీ గోడలకు తగిలించి, ఆఖరుకు ఎదురుగోడకు పెద్దదాన్ని ఎత్తి, గంధం దండ వేసి, వెనక్కి నాలుగడుగులు నడిచి చూశాడు. గోదాము ఊడ్చే అబిగయీలు అప్పుడే చర్చి నుంచి వచ్చింది. చీపురు పక్కన పెట్టి, "చిన్న వయసే పాపం" అంది.

సాయంత్రానికి ఊరి జనం రావడం మొదలైంది. వలల ముందు, ఉప్పుకుప్ప ముందు ఎటు చూడాలో, ఎంతసేపు నిలబడాలో తెలియక తచ్చాడిన జనానికి దండ వేసిన ఫోటో ముందు ఏం చేయాలో మాత్రం బాగా తెలుసు. చేతులు జోడించారు. ఒకామె తలలోని కనకాంబరాలు రెండు తుంచి ఫ్రేము కింద పెట్టింది. చెంచులక్ష్మి మంచి చీర కట్టుకుని, చేతులు కొంగులో చుట్టుకుని గోడవారన నిలబడి ఉంది. ఒక ముసలాయన ఆమె దగ్గర ఆగి, ఏమైందంట ఆమెకు అని అడిగాడు. జ్వరమంట అని చెప్పింది. పెంచలకృష్ణకు సోమవారం నుంచి గుండెల మీద ఉన్న బరువు కాస్త దిగినట్టయింది.

కారు వచ్చింది. నరేంద్రబాబు అందరికన్నా ముందు లోపలికి వచ్చి, గడపలోనే ఆగిపోయాడు.

"ఇదేందన్నా, దినాల ఇల్లు చేసి పెట్టినావు?" అన్నాడు. కోపం కన్నా నవ్వే ఎక్కువ ఉంది ఆ మాటలో. అలవాటు చొప్పున చేసేశావులే, నీ తప్పు కాదు అంటూ స్టూలు లాక్కుని ఎక్కి, దండ తీసి కిటికీలో పడేశాడు. జేబురుమాలుతో బొట్టు తుడిచాడు. కనకాంబరాలు కాలితో పక్కకు జరిపాడు. పెంచలకృష్ణ అడ్డం పోయేలోపలే ఆమె మళ్లీ బతికి, చేతులు చాపుకుని గోడ మీద ఉంది. గడపలో చైర్మన్, ఆయన వెనక మేనేజరు.

చెంచులక్ష్మికి బయటికి పోయే దారి లేదు. పక్కన బల్ల మీద టీకప్పులు పేర్చిన ట్రే ఉంది. కొంగు వదిలి ట్రే అందుకుంది, చేతులు దాని అడుగుకు పోయేలా పట్టుకుంది.

చైర్మన్ తెల్లబట్టల మనిషి, మెత్తటి గొంతు. దీపం వెలిగించి సూటిగా పెద్ద ఫోటో ముందుకు వెళ్లాడు. చాలాసేపు చూశాడు. తలను ఒక పక్కకు వంచి చూశాడు, దగ్గరికి పోయి చూశాడు. ఎంత కష్టం, ఏ ఊరి మనిషో అని మేనేజరుతో అన్నాడు. మన దగ్గర గ్లౌజులు ఇస్తున్నాం గదా అని అడిగాడు. ఇస్తున్నాం సార్ అన్నాడు మేనేజరు. చిన్న చిన్న యూనిట్లలో ఇలా ఉంటుంది సార్ అని కూడా అన్నాడు.

అప్పుడే జుట్టు కత్తిరించుకున్న పిల్ల, వినీల, ట్రే పట్టుకున్న మనిషిని చూసింది. ఒకసారి ఫోటో వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, మొహమంతా వెలిగిపోగా జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది.

"మీరే కదా అక్కా? కల్వర్టు దగ్గర. మీరే కదా!"

మేనేజరు వెనక్కి తిరిగాడు. చెంచులక్ష్మికీ అతనికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. పైన దీపం ఆమె మొహం మీదనే పడుతోంది. అతను ఆమెను చూశాడు. తలెత్తి ఫోటో చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

"నేను కాదమ్మా" అంది చెంచులక్ష్మి. "ఆమె పోయింది."

వినీల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పుడు అని అడిగింది. ఈ మధ్యనే, జ్వరమొచ్చి, అంది చెంచులక్ష్మి. మేనేజరు పాపం అన్నట్టు నాలుక చప్పరించి, చైర్మన్ చెవిలో ఆ ముక్క వేశాడు.

నరేంద్రబాబు తెల్లబోయాడు. పెంచలకృష్ణ దగ్గరికి వచ్చి, నీకు తెలిసే దండ వేశావా, నాకు చెప్పి ఉండొచ్చు గదన్నా అన్నాడు. తనదే తప్పన్నాడు. కిటికీలోంచి దండ తీసుకుని, దుమ్ము దులిపి, తనే స్టూలు ఎక్కి మళ్లీ వేశాడు. ఈ తల్లి జ్ఞాపకంగా అందరం కాసేపు మౌనంగా ఉందామని చెప్పాడు. గోదాములో చప్పుడు ఆగిపోయింది. చైర్మన్ కళ్లు మూసుకున్నాడు. మేనేజరు చేతులు కట్టుకుని తల వంచాడు. ఊరి జనం చేతులు జోడించారు. ట్రే పట్టుకున్న చెంచులక్ష్మి కూడా తల వంచింది. అందరూ చూస్తారని పెంచలకృష్ణ కూడా చేతులు జోడించాల్సి వచ్చింది. జోడించి, అంతమందిలో తన పెళ్లాం వైపు కాకుండా గోడ మీది పెళ్లాం వైపు చూశాడు.

మౌనం అయిపోయింది. చైర్మన్ గాఢంగా ఊపిరి వదిలి, మనసంతా పాడైపోయిందండీ అని నరేంద్రబాబుతో అన్నాడు. టీ తాగాడు. ఫోటో మీది నుంచి చూపు మరల్చకుండానే ఖాళీ కప్పు పక్కకు చాపాడు. చెంచులక్ష్మి ట్రే మీది నుంచి ఒక చెయ్యి తీసి, దాన్ని అందుకుంది. తెల్లగా ఉబ్బిన వేళ్లు, ఎర్రటి సందులు. కప్పు ఆయన వేళ్ల నుంచి ఆమె వేళ్లలోకి వచ్చింది. ఆ వెనకనే మేనేజరు కప్పు, ఆ వెనక ఇంకెవరిదో.

*

గోదాము వెనక కొళాయి దగ్గర ఆమె కప్పులు కడుగుతోంది. పనికి పిలిచారని కాదు, చేతిలో ట్రే ఉంది గనక అక్కడికి వచ్చింది. పెంచలకృష్ణ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. లోపల నరేంద్రబాబు మైకులో మాట్లాడుతున్నాడు. ఈ తీరానికి ఇవాళ ఒక కొత్త చూపు వచ్చింది అంటున్నాడు. చప్పట్లు వినిపించాయి.

"గండం గడిచింది" అన్నాడతను.

"ఊఁ."

"రేపు మామూలుగా పోవచ్చు నువ్వు."

ఆమె సబ్బు పీచుతో ఒక కప్పు తోమి, కడిగి, బోర్లించింది. సబ్బు సందుల్లోకి పోతున్నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సూటిగా చూసినాడయ్యా మొకంలోకి" అంది. "అద్దంలో నన్ను నేను చూసుకున్నంత దగ్గరగా చూసినాడు, అయినా గుర్తుపట్టలా. ఆ దండ లేకపోయినా ఏం అయ్యేది కాదు. పోయిందని నేను అనకపోయినా ఏం అయ్యేది కాదు."

అతను కప్పులు తీసుకుని తువ్వాలుతో తుడవసాగాడు. ఈలోపల అబిగయీలు ఇంకో ట్రే తెచ్చి దింపి, నడుం పట్టుకుని నిలబడింది. ఈవేళ ప్రార్థనలో ఆ పోయినామె ఇంటోళ్ల గురించి చెబుతానంది. పేరేమో మీకు తెలుసా అని అడిగింది. ఇద్దరూ తెలియదన్నారు.

"మొగుడన్నా ఉండాడో లేదో, పాపం."

చెంచులక్ష్మి కొత్త ట్రే దగ్గరికి లాక్కుంది.

"ఉంటే ఇట్ట గోడకు తగిలించనిస్తాడా అక్కా" అంది.

పెంచలకృష్ణ చేతిలో కప్పు ఎప్పుడో ఆరిపోయింది. దాన్నే తుడుస్తూ ఉన్నాడు.